పాటల పెట్టెకు వాతాయనము



అమరకోశమందు కిటికీకి వాతాయనమనియు గవాక్షమనియు పేర్లు చెప్పబడినవి. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద ఆ కోశమును వల్లెవేయునప్పుడు వాతాయనమనగా గాలి పోవు మార్గమనియు, గవాక్షమనగా ఆవుకన్నువంటి రంధ్రమనియు అర్థము చెప్పించుకొంటిమి. చెప్పించుకొని మఱచితిమి. ఆ మాట మరల జ్ఞప్తికి వచ్చుటకు మా యింట నొక పాటల పెట్టె చెడిపోవలసి వచ్చినది. సంగీతము వినుటకై ఆంప్లిఫయరును, స్పీకర్లను కొని, వానిని అందమైన అలమారలో అమర్చుకొను కుటుంబములు నేడు చిన్న పట్టణములందును అనేకములు కలవు. ఆ అలమారలో గాలికి దారి విడువవలెనను సంగతి మాత్రము కొన్నవారికిని, చేసిన వడ్రంగికిని, దినదినము తుడిచి సర్దెడి మనకును సామాన్యముగా తోచదు. తోచకపోవుటవలన కలుగు నష్టమెట్టిదో, దానిని తప్పించుకొను ఉపాయమెట్టిదో మా అనుభవమునుండి మీకు మనవిచేయ దలచితిమి.

మేము సంగారెడ్డి వాసులము. మావారు ఉపాధ్యాయులు. మా మామగారు జీవించియున్న కాలమున ప్రతి సాయంకాలము ఇరుగుపొరుగువారికి భాగవత పురాణము చెప్పెడివారు. మావారు విద్యార్థిదశయందు ఆ పురాణమును 11 క్యాసెట్లలో పట్టియుంచిరి. మామగారు పోయిన పిమ్మట, సందెదీపము వెలిగించి ఆ కంఠమును వినుట మా అత్తగారికి నిత్యవ్రతమైనది. పాత టేపురికార్డరు గరగరలాడుచుండుటచే, మేము చీటీ యెత్తిన సొమ్ముతో ఒక క్యాసెట్టు డెక్కును, స్టీరియో ఆంప్లిఫయరును, రెండు స్పీకర్లను కొంటిమి. అత్తగారి ముఖము వికసించినది. ఖర్చు మాట అందఱమును మఱచితిమి.

ఇక వానిని ఉంచుటకు అలమార కావలెను గదా! వడ్రంగిని పిలిపించి, టేకురంగు ప్లైవుడ్డుతో, అద్దపు తలుపులతో, వెనుక పలకతో సహా సంపూర్ణముగా మూసియుండునట్లు మేమే చేయించితిమి. దుమ్ము పడరాదనునదియే మా యేకైక చింత. క్రింది అరలో ఆంప్లిఫయరు సరిగా ఇమిడినది. పైన రెండు వ్రేళ్ల సందు మాత్రము మిగిలెను. ఆ సందు సైతము వృథాపోనేల యని టెలివిజనుకు సంబంధించిన సెట్టాప్ బాక్సును దానిపైననే పెట్టితిమి. పై అరలో డెక్కు, దాని ప్రక్క క్యాసెట్ల వరుస. ఇంతతో తృప్తిలేక, నెమళ్ల కుట్టుపని చేసిన తెల్లని గుడ్డ నొకదానిని ఆంప్లిఫయరు నెత్తిన కప్పితిమి. ఆ కుట్టుపని మా చేతిదే. కావున ఈ కథలో తప్పెవరిదని వెదుక నక్కఱలేదు.

మొదటి చలికాలము సుఖముగా గడచినది. వైశాఖమాసము వచ్చినది. మామగారి ఆబ్దికమునకు బంధువులందఱు చేరిరి. ముందునాటి రాత్రి అందఱును కూర్చుండి పురాణము వినుచుండగా కంఠము హఠాత్తుగా ఆగిపోయెను. అరగంట గడచిన పిదప తనంతట తానే వచ్చెను. తీగ యెచ్చటనో వదులైనదనుకొంటిమి. మరల ఆగెను, మరల వచ్చెను. మూడవమాఱు ఆగినప్పుడు కాలిన వార్నీషు వాసన గదియంతయు నిండెను. తలుపు తెఱచితిమి గదా, పొయ్యి మూత తీసినట్లు వేడిగాలి ముఖమునకు కొట్టినది. ఆంప్లిఫయరుపై చేయి మోపి రెండు లెక్కించువఱకు ఉంచలేకపోతిమి. పై అరలో తిరుగుచున్న క్యాసెట్టులోని చిన్న ఒత్తుడు బిళ్ల వేడికి జిగురు వదలి ఊడిపోగా, టేపు చిక్కుపడి నలిగియుండెను.

అత్తగారు ఆ నలిగిన టేపును చూచి, "ఆయన గొంతు మళ్లీ పోయిందా?" అని మాత్రము అడిగిరి. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయెను.

మఱునాడు కార్యము ముగిసిన తరువాత ఆంప్లిఫయరును పటాన్‌చెరులో ఒక మరమ్మతుదారుని యొద్దకు తీసికొనిపోయితిమి. లోపల శబ్దమును స్పీకర్లకు పంపెడి ట్రాన్సిస్టర్లు రెండు కాలిపోయినవనియు, కెపాసిటర్లు కొన్ని తలలు ఉబ్బియున్నవనియు అతడు విప్పి చూపెను. బాగుచేయించుటకు రెండు నెలల పాలఖర్చంత సొమ్మైనది. నలిగిన టేపును అతడు నేర్పుతో మఱియొక డొప్పలోనికి మార్చెను గాని, నాలుగైదు నిమిషముల పురాణము తిరిగి దక్కలేదు. సొమ్ము పోయిన మరల కూడబెట్టవచ్చును, ఆ నాలుగు నిమిషములను ఏ చీటీ తెచ్చి యిచ్చును?

వేడి యెట్లు పుట్టును?

ఆంప్లిఫయరనగా ధ్వనిని పెంచు యంత్రము. క్యాసెట్టునుండియో, ఫోనునుండియో వచ్చెడి విద్యుత్సంకేతము మిక్కిలి బలహీనమైనది. దానికి స్పీకరును కదలించు శక్తి లేదు. గోడనున్న ప్లగ్గునుండి విద్యుత్తును తీసికొని, ఆ సంకేతపు రూపముననే బలమైన విద్యుత్తును తయారుచేసి స్పీకరునకు అందించుట ఈ యంత్రము పని. వడ్లు దంచినప్పుడు బియ్యముతో పాటు ఊకయు వచ్చునట్లే, ఇందు పాటతో పాటు వేడియు వచ్చును. తీసికొన్న విద్యుత్తంతయు పాటగా మాఱదు. మిగిలినదంతయు వేడియే.

ఇక్కడ స్త్రీలు తఱచు పొరబడు విషయమొకటి కలదు. మేమును పొరబడితిమి. శబ్దము తక్కువగా పెట్టిన వేడి పుట్టదని మా నమ్మకము. వాస్తవమట్లు కాదు. ఇండ్లలో సాధారణముగా వినెడి శబ్దమునకు స్పీకర్లకు చేరునది ఒకటి రెండు వాట్లు మాత్రమే. ఆ సమయమునందే పెట్టె గోడనుండి 40 మొదలు 60 వాట్లవఱకు తీసికొనుట సామాన్యము. అనగా మెల్లగా వినునప్పుడు బియ్యము గుప్పెడు, ఊక గంపెడు. ఇండ్లలో ఎక్కువగా వాడుకలోనున్న ఏబీ తరగతి ఆంప్లిఫయర్ల సంగతి యిది. ఏ తరగతివి అను రకమున్నవి. అవి పాట లేనప్పుడు సైతము సంపూర్ణముగా వేడెక్కియుండును. ఈ కాలమున వచ్చుచున్న డీ తరగతివి మిక్కిలి పొదుపరులు. పూర్తి బలముతో పనిచేయునప్పుడు తీసికొన్నదానిలో నూటికి 90 పాళ్లవఱకు స్పీకరునకే చేర్చును. అయినను వానికిని ఊపిరాడవలెను. వెనుకటి గాజు వాల్వులతో చేయు ఆంప్లిఫయర్లు సరదాకై కొనువారు ఇప్పటికిని కలరు. వానిలో తీగ ఎఱ్ఱగా కాలినగాని పని జరుగదు గనుక వానిని మూసిన అలమారలో పెట్టనేరాదు.

ఈ వేడి పోకున్న రెండు హానులు కలుగును. మొదటిది ట్రాన్సిస్టరునకు. అది వేడెక్కినకొలది దానిగుండ విద్యుత్తు ఎక్కువగా పాఱజూచును, ఎక్కువ పాఱినకొలది మఱింత వేడెక్కును. ఒకరిమాటకొకరు మాట పెంచు కలహమువంటిది ఇది. యంత్రము చేయువారు దీనికి అడ్డుకట్టలు వేయుదురు. వేడి మితిమీఱిన శబ్దమును తనంతట తానే ఆపివేసెడి రక్షణ పెక్కింటిలో నుండును. మా పెట్టె మూడుమాఱులు ఆగుట ఆ రక్షణయే. అది "ఊపిరాడుట లేదు" అని మొఱపెట్టుచుండగా మేము తీగ వదులైనదనుకొంటిమి.

రెండవ హాని కెపాసిటరునకు. విద్యుత్తును నిలువచేసి సమముగా అందించు ఈ చిన్న డబ్బాలలో తడి ద్రవముండును. వేడికి అది క్రమముగా ఎండిపోవును. 10 డిగ్రీల వేడి పెరిగిన ఆయువు సగమగుననునది ఈ విద్యలోని స్థూలమైన లెక్క. 105 డిగ్రీలలో 2,000 గంటలు పనిచేయునని ముద్రవేసిన కెపాసిటరు, 95లో 4,000, 85లో 8,000, 75లో 16,000, 65లో 32,000 గంటలు పనిచేయును. దినమునకు 4 గంటలు వినువారికి సంవత్సరమునకు 1,460 గంటలు. కావున పెట్టె లోపల 75 డిగ్రీలున్న సుమారు 11 ఏండ్లు, 65 డిగ్రీలున్న సుమారు 22 ఏండ్లు. కేవలము 10 డిగ్రీలకు 11 సంవత్సరముల తేడా! ఇల్లు దిద్దుకొను మనకు ఈ లెక్క చాలదా?

వేడి యెట్లు పోవును?

పూర్వము ప్రతి యింట నున్న కిరసనాయిలు లాంతరును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వత్తి క్రింద ఇత్తడి దిమ్మెకు చుట్టును చిన్న రంధ్రములు, గాజు చిమ్నీ పైన విశాలమైన నోరు. క్రింది రంధ్రములగుండ చల్లని గాలి లోనికి వచ్చి, మంటచే వేడెక్కి తేలికయై పైనుండి వెడలిపోవును. పోయిన గాలి స్థానమును నింపుటకు క్రిందినుండి క్రొత్తగాలి వచ్చును. క్రింది రంధ్రములు మసిపట్టి మూసుకొన్నను, పైనోరు మూసినను దీపము పొగలుగ్రక్కి ఆరిపోవును. ఒక దారి చాలదు. రాకకు క్రింద నొకటి, పోకకు పైన నొకటి, రెండును కావలెను.

ఆంప్లిఫయరు సంగతియు ఇట్టిదే. దానిలో వేడెక్కెడి భాగములను అల్యూమినియపు రెక్కల దిమ్మెకు బిగించియుందురు. ఆ రెక్కల నడుమనుండి గాలి పైకి ప్రాకుచు వేడిని మోసికొనిపోవును. పెట్టె అడుగునను, మూతపైనను కనబడు సన్నని చీలికలు అలంకారము కొఱకు పెట్టినవి కావు. అవి దాని నాసికారంధ్రములు. మన తాతలనాటి వాల్వు రేడియోలకు వెనుక అట్టపలక నిండ రంధ్రములుండుట మీలో పెద్దవారు చూచియుందురు. హైదరాబాదులో 1935లో రేడియో ప్రసారములు మొదలైన కాలమున రేడియో పెట్టె యింటికి వచ్చుట ఒక పండుగవంటిది. దానికి కుట్టుపని గుడ్డ తొడుగుటయు అప్పటినుండి వచ్చిన ఆచారమే. తేడా యేమనగా, మన పెద్దలు రేడియో పాడునప్పుడు తొడుగు తీసి, ఆపిన తరువాత తొడిగెడివారు. మేము ఆచారమును పట్టుకొని, దానిలోని వివేకమును విడిచితిమి.

మా ప్రాంతపు చిక్కు

మా మఱిది పటాన్‌చెరు చుట్టుపట్లనున్న కర్మాగారములలో ఒకదానియందు విద్యుద్విభాగమున పనిచేయును. అతడు మా అలమారను చూచి, "వదినా, ఇది అల్మారి కాదు, పొయ్యి" అనెను. కర్మాగారమందు యంత్రములను నడపు విద్యుత్ పరికరములను ఇనుప బీరువాలలో పెట్టుదురట. ప్రతి బీరువా తలుపునకు క్రింద జల్లెడతో కూడిన గాలిదారి, పైన వెలుపలికి ఊదు ఫ్యాను ఉండునట. వేసవిలో జల్లెడ దుమ్ముతో నిండిన యెడల యంత్రము దానంతట అదే ఆగిపోవును, కావున చైత్రము రాకముందే జల్లెడలన్నియు దులిపించుట వారి పద్ధతియట. మా ప్రాంతముననే రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్సువారి కర్మాగారము గలదు. అచ్చట తయారగు విద్యుదుత్పాదక యంత్రములవంటి మహాయంత్రములను గాలితోగాని హైడ్రోజన్ వాయువుతోగాని చల్లబఱచుచుందురు. యంత్రము పెద్దదైనను చిన్నదైనను ధర్మమొక్కటే. ఇన్ని యంత్రముల నడుమ కాపురముండియు ఆ ధర్మమును మా గదిలోనికి రానీయకపోతిమి.

దీనికి కారణము లేకపోలేదు. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము ప్రాంతములవారు గాలిని శంకించుట నేర్చుకొన్నవారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందు తీవ్రముగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతములను లెక్కించినప్పుడు పటాన్‌చెరు-బొల్లారము ఆ జాబితాలో చేరినది. రాత్రివేళ రసాయనముల వాసన వచ్చునేమో యని కిటికీలు మూయుట, జాతీయ రహదారిపై పోవు లారీల దుమ్మునకు తలుపులు బిగించుట మా యిండ్లలో అలవాటైనది. బిడ్డల ఊపిరి కొఱకు మూయుట వివేకమే. ఆ అలవాటుచొప్పుననే అలమారకును అన్ని వైపుల బిగింపులు పెట్టుటలోనే తప్పు జరుగుచున్నది. బిడ్డకు మంచిగాలి కావలెను, యంత్రమునకు కదిలెడి గాలి కావలెను. రెండవదానికి జల్లెడపట్టిన గాలి చాలును గాని, గాలియే లేకుండుట పనికిరాదు.

మఱియు మా యొద్ద వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటు దినములు పెక్కులు. సూచనాపుస్తకములలోని మాటలను చల్లని దేశమువారు తమ 25 డిగ్రీల గదిలో చదువుదురు. మన గది వైశాఖమున 37 డిగ్రీలతో మొదలగును. పెట్టె తాను పుట్టించు వేడి దానిపై చేరును. అందుచేత అచ్చట చెప్పిన ఖాళీకంటె మనము కొంత అధికముగానే విడుచుట మేలు.

చేయదగిన ఏర్పాట్లు

బాగై వచ్చిన ఆంప్లిఫయరును మఱిది మొదట పాత ఏర్పాటులోనే ఉంచి, ఉష్ణమాపకమును అరలో వ్రేలాడగట్టెను. గదిలో 37 డిగ్రీలుండగా, గంటన్నర పాట విన్న తరువాత అరలో 54 డిగ్రీలైనది. వెంటనే ఆపితిమి. తరువాత ఈ క్రింది మార్పులు చేసితిమి.

మొదటిది, గుడ్డ తీసివేసితిమి. సెట్టాప్ బాక్సును వేఱొక చోటికి మార్చితిమి. ఆంప్లిఫయరుపై ఏ వస్తువును పెట్టరాదు. అనేక పరికరములను ఒకే అలమారలో ఉంచవలసివచ్చిన యెడల, అన్నిటికంటె వేడెక్కునది అన్నిటికంటె పై అరలో నుండవలెను. దాని వేడి ఇతరములకు తగులకుండ పైకి పోవును.

రెండవది, ఖాళీ. సూచనాపుస్తకమును తెఱచి చూడుడు. కొన్ని పరికరములకు పైన 10 సెంటీమీటర్లు, కొన్నిటికి 30 సెంటీమీటర్లవఱకు ఖాళీ విడువవలెనని వ్రాసియుండును. ఇరుప్రక్కలను వెనుకను సైతము ఎంతయో చెప్పియుండును. పుస్తకము పోయినచో పైన జానెడు, ప్రక్కలను వెనుకను నాలుగు వ్రేళ్ల వెడల్పుకు తగ్గకుండ విడువుడు. అలమార చేయించక ముందే పరికరపు కొలతలకు ఈ ఖాళీని కలిపి వడ్రంగికి చెప్పవలెను. చేసిన తరువాత కోయించుట కష్టము.

మూడవది, రాకపోకల దారులు. వడ్రంగిని మరల పిలిచి వెనుక పలకను కోయుమన్నప్పుడు అతడు నొచ్చుకొని, "అందం పోతదమ్మా" అనెను. వెనుక భాగము గోడవైపునకుండుటచే ఎవరికిని కనబడదని నచ్చజెప్పి, ఆంప్లిఫయరు అర వెనుక పలకను పూర్తిగా తీయించితిమి. అలమారను గోడనుండి బెత్తెడు ముందుకు జరిపితిమి. అర అడుగుపలక ముందుభాగమున పొడవైన చీలికలు కోయించితిమి. అలమార కాళ్లపై నిలిచియుండుటచే వానిగుండ నేలచల్లని గాలి లోనికి వచ్చును. ప్రవేశద్వారము నిర్గమద్వారమునకు సమీపముననుండిన, వెడలిన వేడిగాలియే మరల లోపలికి పోవును గనుక ఒకటి క్రింద ముందువైపునను, రెండవది పైన వెనుకవైపునను ఉండవలెను. రెండును వైశాల్యమున సమానముగా నుండుట మంచిది. పది రంధ్రములుగుండ వచ్చిన గాలి ఒక్క రంధ్రముగుండ పోజాలదు.

నాలుగవది, అద్దపు తలుపు. పాట వినునంతసేపు తలుపు తెఱచియుంచుట అన్నిటికంటె సులభమైన, ఖర్చులేని ఉపాయము. ఆపిన తరువాత అరగంటవఱకు తెఱచియుంచి, చల్లారిన పిదప మూయుడు.

ఐదవది, క్యాసెట్లును, గ్రామఫోను రికార్డులును ఆంప్లిఫయరు పైఅరలో నుంచరాదు. వేడికి రికార్డు వంగును, క్యాసెట్టు చెడును. మావి ఇప్పుడు దేవునిగది ప్రక్క అలమారలో చల్లగా నున్నవి.

ఈ మార్పుల తరువాత మరల కొలిచితిమి. గదిలో అదే 37 డిగ్రీలు, అరలో 43. పైసా ఫ్యాను ఖర్చు లేక 11 డిగ్రీలు తగ్గినవి. పైన చెప్పిన కెపాసిటరు లెక్కను ఇచ్చట పెట్టి చూచుకొనుడు.

గాలి నిజముగా నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు ఉష్ణమాపకము లేనివారు అగరువత్తి నొకదానిని వెలిగించి క్రింది దారి యెదుట జాగ్రత్తగా పట్టుకొనుడు. పొగ లోనికి లాగబడిన వాతాయనము పనిచేయుచున్నదన్న మాట. పొగ నిలిచినను, వెలుపలికి చెదరినను దారి యెచ్చటనో మూసుకొన్నది. ఇంకొక పరీక్ష చేతితో చేయునది. గంటసేపు పాడిన తరువాత మూతపై అరచేయి మోపి ఐదు లెక్కించుడు. ఉంచగలిగిన భయము లేదు, ఉంచలేకున్న ఉపేక్షింపరాదు.

ఫ్యాను అవసరమా?

వెనుక పలక తీయుటకు వీలులేని అలమారలు కలవు. గోడలోనే కట్టిన అలమార అట్టిది. అట్టిచోట కంప్యూటర్లలో వాడెడి 12 సెంటీమీటర్ల చిన్న ఫ్యానును పైభాగమున వెలుపలికి ఊదునట్లు బిగింపవలెను. వేడిగాలి సహజముగా పైకి పోవును గనుక ఫ్యాను దానికి తోడ్పడవలెనే గాని, పైనుండి క్రిందికి ఊది ఎదురాడరాదు. 60 వాట్ల వేడిని, గదికంటె 5 డిగ్రీలకు మించకుండ వెడలగొట్టుటకు గంటకు సుమారు 36 ఘనమీటర్ల గాలి కావలెను. ఈ ఫ్యాన్లు 12 వోల్టులతో పూర్తివేగమున దానికి రెట్టింపు కంటె అధికముగానే కదలింపగలవు. కావున 6 లేక 7 వోల్టులిచ్చి మెల్లగా తిప్పిన చాలును. మెల్లగా తిరిగిన శబ్దముండదు. పురాణము నడుమ ఫ్యాను హోరు వినవచ్చినయెడల ప్రయోజనమేమి? బిగించునప్పుడు రబ్బరు బిళ్లలను అడ్డమువేసిన పలక అదరదు.

వేడెక్కినప్పుడు మాత్రమే తిరుగునట్లు చేయు స్విచ్చులును దొఱకును. అయితే దానిని 40 డిగ్రీలకు అమర్చిన మన వేసవిలో పాట లేకున్నను తిరుగుచునే యుండును. 45 దగ్గర అమర్చుట మా ప్రాంతమునకు యుక్తము.

ఫ్యాను పెట్టిన తరువాత దుమ్ము ఎక్కువగా లోనికి వచ్చును. కావున ప్రవేశద్వారమునకు సన్నని జాలిగుడ్డ బిగించి, నెలకొకమాఱు తీసి ఉదికి ఆరవేయవలెను. రహదారి దగ్గఱి యిండ్లవారు పదునైదు దినములకొకమాఱు చూచుకొనుడు. ఆ జాలి బల్లులను, బొద్దింకలను సైతము ఆపును. వెచ్చని చోటు వెదకికొని అవి లోపల దూఱుటయు, తీగలమీద పడి చచ్చుటయు మన యిండ్లలో అరుదు కాదు.

మఱికొన్ని జాగ్రత్తలు

శుభ్రము చేయదలచినప్పుడు ముందుగా ప్లగ్గు తీయుడు. పైమూత చీలికలను పొడి కుంచెతో దులుపుడు. తడిగుడ్డ పనికిరాదు. మూత మాత్రము విప్పకుడు. ప్లగ్గు తీసిన తరువాత సైతము కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండి కొట్టగలదు. అది తెలిసినవారి పని. పరుపుపైనగాని తివాచీపైనగాని ఆంప్లిఫయరును పెట్టిన అడుగు చీలికలు మూసుకొనును. పూలకుండీని దానిపై నుంచుట వేడికే కాదు, నీటికిని ఆహ్వానము.

పెండ్లిండ్లకు, నోములకు మఱి రెండు స్పీకర్లు చేర్చి నాలుగు మ్రోగించువారు కలరు. 8 ఓముల స్పీకర్లు రెండింటిని ఒకే చోట జతపఱచిన 4 ఓములగును. అప్పుడు ఆంప్లిఫయరు రెట్టింపు విద్యుత్తును పంపవలసివచ్చి అధికముగా వేడెక్కును. వెనుకపలకపై ఎన్ని ఓములకు తగ్గరాదని వ్రాసియున్నదో చదివి గాని అట్లు చేయరాదు. శబ్దము నడుమనడుమ ఆగివచ్చుట, ఒకవైపు స్పీకరు మూగవోవుట, వార్నీషు వాసన, అలమార పలక రంగు మాఱుట, ఇవి కనబడిన వెంటనే ఆపి ప్లగ్గు తీయుడు. ప్లైవుడ్డు, గుడ్డ, వేడి ఈ మూడును ఒకచోట చేరిన చెడునది పెట్టె యొక్కటియే కాకపోవచ్చును. మా యింట ఆ రాత్రి అందఱును మేలుకొనియుండుట మా భాగ్యము.

సోదరీమణులారా, యంత్రముల సంగతి పురుషులదని మనము ఊరకుండుట వాడుక. కాని అలమారలో నేది యెక్కడ నుండవలెనో, దేనిపై నేది కప్పవలెనో నిర్ణయించునది మనము. కావున ఈ తప్పు మన చేతిలోనే జరుగును, దిద్దుబాటును మన చేతిలోనే యున్నది. దానికి పాండిత్యము వలదు. లాంతరు వెలిగించిన మన అవ్వలకు తెలిసిన విద్య చాలును.

మావారు ఆ 11 క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించి రెండు ప్రతులు తీయించిరి. ఒకటి మా ఆడబిడ్డ యింట నున్నది. నెమళ్ల గుడ్డను మేము పీటపై పఱచుకొంటిమి. ఇప్పుడు సందెవేళ దీపము పెట్టిన తరువాత అత్తగారు మొదట అలమార తలుపు రెండు రెక్కలును బార్లా తెఱచి, ఆ పిమ్మటనే కూర్చుందురు. పురాణము నడుమ ఆ నాలుగు నిమిషముల వెలితి వచ్చినప్పుడు, పోయిన కథాభాగమును తామే మెల్లగా చెప్పుకొని, మరల మామగారి కంఠము వచ్చువఱకు వేచియుందురు.

ఈ వ్యాసము చదివి ముగించిన తరువాత మీ యింటి పాటల పెట్టెపై నొకమాఱు చేయి మోపి చూడుడు.